మీ డాబా ఒక విద్యుత్ కేంద్రం: సౌర విద్యుత్తును గ్రిడ్‌కు కలపడానికి అనుమతి ఎందుకు, ఎలా?



ఇంటి డాబా మీద సౌర ఫలకాలు ఇప్పుడు పట్టణాల్లోనే కాదు, పల్లెల్లోనూ కనిపిస్తున్నాయి. వాటిని బిగించడానికి రెండు మూడు రోజులు చాలు. అయితే ఆ ఫలకాలు తయారుచేసే కరెంటును వీధి లైనుకు కలపాలంటే మాత్రం విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు పెట్టాలి. అనుమతి రావాలి. అధికారి వచ్చి పరీక్షించాలి. మీటరు మార్చాలి. "డాబా నాది, డబ్బు నాది, ఎండ దేవుడిది. మధ్యలో కరెంటు ఆఫీసు అనుమతి దేనికి?" అని చాలామంది అడుగుతుంటారు. ఇది సబబైన ప్రశ్నే. ఈ పాఠంలో దీనికి జవాబు తెలుసుకుందాం.

జవాబు క్లుప్తంగా ఇదీ. గ్రిడ్‌కు కలిసిన క్షణం నుంచి మీ డాబా ఒక చిన్న విద్యుత్ కేంద్రం అవుతుంది. ఇంట్లో ఫ్యాను పాడైతే నష్టం మీ ఒక్కరిదే. విద్యుత్ కేంద్రంలో లోపం ఉంటే నష్టం మీ ప్రహరీ గోడ దగ్గర ఆగదు. అది పక్కింటి ఫ్రిజ్ దాకా, స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేతుల దాకా వెళుతుంది. అనుమతి అనే పద్ధతి పుట్టింది ఇందుకే.

గ్రిడ్ అంటే ఏమిటి?

విద్యుత్ కేంద్రాలను, సబ్‌స్టేషన్లను, ట్రాన్స్‌ఫార్మర్లను, కోట్లాది ఇళ్ళను కలిపే తీగల వలయమే గ్రిడ్. మన దేశంలో ఒకప్పుడు ప్రాంతాల వారీగా వేర్వేరు గ్రిడ్లు ఉండేవి. 2013 డిసెంబర్ 31న రాయచూరు - షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణాది గ్రిడ్ మిగతా దేశపు గ్రిడ్‌తో జతపడింది. ఇప్పుడు దేశమంతా ఒకే లయలో నడుస్తోంది. ఆ లయ సెకనుకు 50 ఆవృత్తాలు, అంటే 50 హెర్ట్జ్. దీన్ని 49.90 - 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచాలని గ్రిడ్ నియమావళి చెబుతుంది. ఎంత ఇరుకైన హద్దో గమనించండి.

గ్రిడ్‌లో ప్రతి క్షణం ఉత్పత్తి, వినియోగం సమానంగా ఉండాలి. ఉత్పత్తి తగ్గితే పౌనఃపున్యం పడిపోతుంది. ఎక్కువైతే పెరుగుతుంది. చెరువులో నీటిలా కరెంటును తీగల్లో నిల్వ ఉంచలేం. అందుకే ఎవరు, ఎక్కడ, ఎంత కరెంటు లైనులోకి పంపుతున్నారో పంపిణీ సంస్థకు తెలియాలి.

ఫలకం నుంచి లైను దాకా

సౌర ఫలకంలో పుట్టేది ఏకముఖ విద్యుత్తు. దీన్నే డి.సి. అంటాం. ఇది ఎప్పుడూ ఒకే దిశలో ప్రవహిస్తుంది. మన ఇళ్ళకు వచ్చేది ఏకాంతర విద్యుత్తు, అంటే ఏ.సి. ఇది సెకనుకు 50 ఆవృత్తాలు పూర్తిచేస్తుంది, అంటే ఒక్కో ఆవృత్తానికి పట్టే కాలం 20 మిల్లీసెకన్లు. డి.సి.ని ఏ.సి.గా మార్చే పరికరమే ఇన్వర్టర్.

అయితే ఏ.సి.గా మార్చడంతోనే పని పూర్తి కాదు. కోలాటం ఆడుతున్న గుంపును ఊహించుకోండి. మధ్యలో ఒకరు వచ్చి చేరాలంటే కర్రలు ఉంటే చాలదు. అడుగు కలవాలి, తాళం కలవాలి, కర్ర తగలాల్సిన క్షణంలోనే తగలాలి. లేకపోతే దెబ్బ వేళ్ళ మీద పడుతుంది. ఇన్వర్టర్ కూడా అంతే. గ్రిడ్ వోల్టేజి, పౌనఃపున్యం, దశ అనే మూడింటినీ చూసి, వాటికి సరిపోయేలా తన తరంగాన్ని కలపాలి. దీన్ని సమకాలీకరణ అంటారు.

ఇక్కడ చాలామందికి వచ్చే సందేహం ఒకటుంది. "డాబా మీద మూడు కిలోవాట్ల ఫలకాలు ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం, మంచి ఎండ. అయినా వీధిలో కరెంటు పోతే మా ఇంట్లోనూ పోతుంది. ఎందుకు?" గ్రిడ్‌కు కలిపిన మామూలు ఇన్వర్టర్ గ్రిడ్ తాళాన్ని అనుసరించి ఆడుతుంది. ఆ తాళం ఆగితే అదీ ఆగిపోతుంది. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన రక్షణ. ఆ రక్షణ ఎవరి కోసమో ఇప్పుడు చూద్దాం.

మొదటి కారణం: లైన్‌మన్ ప్రాణం

లైను మరమ్మతు కోసం సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆపారనుకుందాం. లైన్‌మన్ స్తంభం ఎక్కాడు. అదే సమయంలో ఒక ఇంటి ఇన్వర్టర్ ఆగకుండా కరెంటును లైనులోకి తోస్తూనే ఉంటే ఏమవుతుంది? ఆ ఇల్లు, పక్కనున్న కొన్ని ఇళ్ళు కలిసి గ్రిడ్ నుంచి విడిపోయిన ఒక చిన్న ద్వీపంలా మారతాయి. విద్యుత్ ఇంజనీర్లు దీన్ని ద్వీపీకరణ అంటారు. చచ్చిన తీగ అనుకున్నది బతికే ఉంటుంది.

ప్రమాదం అంతటితో ఆగదు. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుందని మీరు భౌతికశాస్త్రంలో చదివారు. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను తగ్గించి ఇళ్ళకు ఇస్తుంది. తక్కువ వోల్టేజి వైపు నుంచి కరెంటు ఎక్కితే అదే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తిరిగి 11,000 వోల్టులకు పెంచగలదు. డాబా మీది 230 వోల్టులు స్తంభం మీద 11 కిలోవోల్టులుగా ఎదురుకావచ్చు.

అందుకే గ్రిడ్‌కు కలిసే ప్రతి ఇన్వర్టర్‌లో ద్వీపీకరణ నిరోధక రక్షణ తప్పనిసరి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో వికేంద్రీకృత విద్యుదుత్పత్తి అనుసంధానానికి సాంకేతిక ప్రమాణాల నిబంధనలు తెచ్చింది, 2019లో వాటిని సవరించింది. ఇలాంటి ద్వీపం ఏర్పడిన రెండు సెకన్లలోపు సౌర వ్యవస్థ లైను నుంచి తప్పుకోవాలని 2013 నిబంధనలు విధించాయి. ఇన్వర్టర్ ఈ పని సరిగా చేస్తుందో లేదో పరీక్షించే పద్ధతిని భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 16169 అనే ప్రమాణంలో నిర్దేశించింది.

గ్రిడ్ ఉందో పోయిందో ఇన్వర్టర్‌కు ఎలా తెలుస్తుంది? మొదటి పద్ధతిలో అది వోల్టేజిని, పౌనఃపున్యాన్ని గమనిస్తూ ఉంటుంది. అవి హద్దు దాటితే ఆగిపోతుంది. కానీ ఆ క్షణంలో ఇళ్ళ వాడకం, సౌర ఉత్పత్తి సరిగ్గా సమానంగా ఉంటే రెండూ మారకపోవచ్చు. అందుకే రెండో పద్ధతి కూడా కావాలి. ఇన్వర్టర్ అప్పుడప్పుడు తన పౌనఃపున్యాన్ని కాస్త పక్కకు నెట్టి చూస్తుంది. వందల మంది లాగుతున్న రథాన్ని ఒక్కరు పక్కకు లాగితే అది కదలదు. అదే చిన్న తోపుడు బండి అయితే వెంటనే పక్కకు తిరుగుతుంది. గ్రిడ్ ఉంటే ఇన్వర్టర్ నెట్టినా పౌనఃపున్యం కదలదు. కదిలిందంటే గ్రిడ్ లేదన్నమాట. వెంటనే ఇన్వర్టర్ ఆగిపోతుంది.

రెండో కారణం: పక్కింటి వోల్టేజి

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఓమ్ నియమం గుర్తుందిగా? వోల్టేజి తేడా = ప్రవాహం × నిరోధం.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వోల్టేజి 240 అనుకుందాం. అక్కడి నుంచి వీధి చివరి ఇంటి దాకా వెళ్ళివచ్చే తీగల మొత్తం నిరోధం 0.4 ఓమ్‌లు అనుకుందాం. రాత్రిపూట కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటికి వస్తుంది. 10 ఆంపియర్లు వాడితే 10 × 0.4 = 4 వోల్టులు దారిలోనే పోతాయి. చివరి ఇంటికి 236 అందుతుంది.

మధ్యాహ్నం పరిస్థితి తిరగబడుతుంది. ఆ ఇల్లు 10 ఆంపియర్లు లైనులోకి పంపితే వోల్టేజి 4 పెరిగి 244 అవుతుంది. ఫరవాలేదు. వీధి చివర ఒకే ఫేజ్ మీద ఉన్న మూడు ఇళ్ళు తలా 10 ఆంపియర్లు పంపితే 30 × 0.4 = 12 పెరిగి 252 అవుతుంది. నాలుగో ఇల్లు కూడా చేరితే 16 పెరిగి 256 అవుతుంది.

2013 నాటి నిబంధనల ప్రకారం వోల్టేజి నిర్ణీత విలువలో 110 శాతం దాటితే సౌర వ్యవస్థ తప్పుకోవాలి. 230కి 110 శాతం అంటే 253. అంటే నాలుగో ఇల్లు కలిసిన రోజు నుంచి ఆ వీధిలో ఇన్వర్టర్లు మిట్టమధ్యాహ్నం ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ ఉంటాయి. ఎండ బాగా ఉన్నప్పుడే ఉత్పత్తి నష్టపోతారు. ఇన్వర్టర్ ఆగకపోతే ఇంకా కష్టం. ఎక్కువ వోల్టేజి భారం ఆ ఫేజ్ మీదున్న ఇళ్ళ బల్బులు, టీవీలు, ఫ్రిజ్‌ల మీద పడుతుంది. ఫలకాలు లేని ఇల్లు కూడా ఆ నష్టం భరించాలి.

పంపిణీ సంస్థ చేసే సాంకేతిక సాధ్యత పరిశీలన ఇదే. ఆ ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం ఎంత? దాని మీద ఇప్పటికే ఎన్ని సౌర ప్లాంట్లు ఉన్నాయి? ఏ ఫేజ్ మీద ఎంత భారం ఉంది? తీగ మందం సరిపోతుందా? అవసరమైతే ఇళ్ళను వేరే ఫేజ్‌కు మార్చడం, లావు తీగ వేయడం, ట్రాన్స్‌ఫార్మర్ మార్చడం వంటి పనులు చేస్తారు.

ఇన్వర్టర్ పంపే తరంగం నాణ్యత కూడా ముఖ్యమే. ఏ.సి.లో డి.సి. అంశ కలిసి వస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కోర్ సంతృప్తమై వేడెక్కుతుంది. అందుకే ఆ అంశ పూర్తి సామర్థ్యంలో 0.5 శాతం మించకూడదని నిబంధన ఉంది.

మూడో కారణం: అందరి లయ

ఒక్క డాబా గ్రిడ్‌ను కదిలించలేదు. లక్షల డాబాలు కలిస్తే? ఇందుకు రెండు దేశాల అనుభవం చూద్దాం.

జర్మనీలో తొలినాళ్ళ సౌర ఇన్వర్టర్లను పౌనఃపున్యం 50.2 హెర్ట్జ్ దాటితే వెంటనే ఆగిపోయేలా అమర్చారు. ప్లాంట్లు కొన్నే ఉన్నప్పుడు అది మంచి జాగ్రత్తే. వాటి సంఖ్య లక్షల్లోకి చేరాక, అన్నీ ఒకే క్షణంలో ఆగితే గ్రిడ్ ఒక్కసారిగా కుంగిపోయే ప్రమాదం ఏర్పడింది. 2012లో ఆ దేశం ప్రత్యేక ఉత్తర్వు తెచ్చి, మూడు లక్షలకు పైగా ప్లాంట్లలో ఈ అమరికను మార్పించేందుకు పూనుకుంది. ముందే సరిగా ఆలోచించి ఉంటే ఒక అంకె మార్పుతో పోయే పని అది.

మన పొరుగున శ్రీలంకలో 2025 ఫిబ్రవరి 9న, ఆదివారం, పానదుర సబ్‌స్టేషన్‌లోకి ఒక కోతి జొరబడి పరికరాలకు తగలడంతో దేశమంతా కరెంటు పోయింది. సెలవు రోజు కావడంతో వాడకం తక్కువగా ఉంది, సౌర విద్యుత్ వాటా ఎక్కువగా ఉంది. పెద్ద టర్బైన్లు బరువైన చక్రాల్లాంటివి. ఒక్క దెబ్బకు వాటి వేగం పడిపోదు. ఇన్వర్టర్లలో అలా తిరిగే బరువేదీ లేదు. అందుకే గ్రిడ్ ఆ దెబ్బకు తట్టుకోలేకపోయిందని ఆ దేశ విద్యుత్ బోర్డు వివరించింది. ఆ ఏప్రిల్‌లో నూతన సంవత్సర సెలవులు వచ్చినప్పుడు, డాబా ప్లాంట్లను పగటిపూట ఆపి ఉంచమని బోర్డు ప్రజలను కోరవలసి వచ్చింది.

దీనర్థం సౌర విద్యుత్తు చెడ్డదని కాదు. లక్షల చిన్న కేంద్రాలను లెక్కలో పెట్టుకుని, వాటి అమరికలను ఒక క్రమంలో ఉంచాలని. అనుమతి పత్రం ఆ లెక్కలో మీ డాబాను నమోదు చేస్తుంది.

అనుమతిలో మెట్లు

మన దేశంలో ఇంటి డాబా ప్లాంటుకు ఈ క్రమం ఉంటుంది. మీది తిరుపతి కేంద్రంగా పనిచేసే సంస్థ అయినా, విశాఖపట్నం, హైదరాబాద్ కేంద్రాలుగా పనిచేసే సంస్థలైనా మౌలికంగా ఇదే పద్ధతి. వివరాలను ఆయా రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్ళు నిర్ణయిస్తాయి.

మొదటి మెట్టు దరఖాస్తు. కరెంటు బిల్లు మీది సర్వీసు నంబరు, మంజూరైన లోడు, పెట్టదలచిన సామర్థ్యం తెలపాలి. ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకం కింద అయితే జాతీయ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకం లక్ష్యం కోటి ఇళ్ళు. ఇందులో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడో కిలోవాటుకు 18,000 రూపాయల సబ్సిడీ ప్రకటించారు. అంటే గరిష్ఠంగా 78,000 రూపాయలు.

రెండో మెట్టు సాధ్యత పరిశీలన. 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు చేసిన సవరణ ఇక్కడ ముఖ్యమైనది. దీని ప్రకారం 10 కిలోవాట్ల వరకు, అన్ని వివరాలూ ఉన్న దరఖాస్తును సాధ్యత అధ్యయనం లేకుండానే ఆమోదించినట్టు పరిగణించాలి. అంతకు మించితే 15 రోజుల్లో అధ్యయనం ముగించాలి. ముగించకపోతే ఆమోదం లభించినట్టే లెక్క.

మూడో మెట్టు నిర్మాణం. పథకంలో నమోదైన సంస్థ చేత బిగించుకోవాలి. ఒక కిలోవాటుకు సుమారు 10 చదరపు మీటర్ల నీడ పడని చోటు కావాలి. ఎర్తింగ్, పిడుగు రక్షణ, డి.సి. వైపు, ఏ.సి. వైపు విడివిడి స్విచ్చులు ఉండాలి.

నాలుగో మెట్టు తనిఖీ. అధికారి వచ్చి ఇన్వర్టర్ ధ్రువపత్రం, ఎర్తింగ్ చూస్తారు. మెయిన్ ఆపి, ఇన్వర్టర్ వెంటనే ఆగుతుందో లేదో చూస్తారు. లైన్‌మన్ ప్రాణం గురించి చెప్పుకున్న పరీక్ష ఇదే. పెద్ద ప్లాంట్లకు రాష్ట్ర విద్యుత్ తనిఖీ విభాగం అనుమతి కూడా అవసరమవుతుంది.

అయిదో మెట్టు ఒప్పందం, మీటరు. వచ్చిన కరెంటును, వెళ్ళిన కరెంటును విడివిడిగా లెక్కించే రెండు వైపుల మీటరును అమర్చి ప్లాంటును ప్రారంభిస్తారు.

మీటరు లెక్క

మూడు కిలోవాట్ల ప్లాంటు రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తుందనుకుంటే నెలకు 360 యూనిట్లు. ఆ ఇంటి వాడకం నెలకు 300 యూనిట్లు అనుకుందాం. అందులో 120 యూనిట్లు పగలే ఫలకాల నుంచి నేరుగా వాడుకున్నారు. మిగిలిన 240 యూనిట్లు లైనులోకి వెళ్ళాయి. రాత్రిపూట 180 యూనిట్లు లైను నుంచి తీసుకున్నారు. మీటరులో వచ్చినవి 180, వెళ్ళినవి 240. ఈ నెల 60 యూనిట్లు ఇంటి ఖాతాలో జమ. దీన్నే నెట్ మీటరింగ్ అంటారు. స్థిర చార్జీల వంటివి మాత్రం కట్టాల్సి ఉంటుంది.

అనుమతి లేకుండా పాత మీటరుతోనే కలిపేస్తే? కొన్ని మీటర్లు ఏ దిశలో వెళ్ళిన కరెంటునైనా వాడకంగానే లెక్కిస్తాయి. మీరు ఇచ్చిన 240 యూనిట్లకు కూడా మీకే బిల్లు పడుతుంది!

హక్కు, బాధ్యత

2024 సవరణ ప్రకారం ప్లాంటు బిగించినట్టు తెలిపాక ఒప్పందం, మీటరు, ప్రారంభం 15 రోజుల్లో పూర్తికావాలి. అయిదు కిలోవాట్ల వరకు లైను, ట్రాన్స్‌ఫార్మర్ బలపరచవలసి వస్తే ఆ ఖర్చు పంపిణీ సంస్థదే. జాప్యం జరిగితే సంస్థ పరిధిలోని వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికను, ఆ తర్వాత విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2003 విద్యుత్ చట్టం ఈ ఏర్పాటు చేసింది. కాబట్టి దరఖాస్తు నంబరును, తేదీలను రాసి ఉంచుకోండి.

ఇంకో వైపు కూడా చూడండి. చిన్న ప్లాంట్లకు ముందస్తు అధ్యయనం తొలగించారంటే ఓమ్ నియమం రద్దయిందని కాదు. ఇంతకు ముందు ఇంజనీరు కాగితం మీద ఆపగలిగిన ప్రమాదాన్ని ఇప్పుడు ఇన్వర్టర్ ఒక్కటే ఆపాలి. అందుకే ధ్రువీకరణ లేని చౌక ఇన్వర్టర్ కొనకూడదు. మధ్యాహ్నం ఆగిపోతోందని దాని వోల్టేజి హద్దును ఎవరి చేతనో పెంచించకూడదు. ఆగుతోందంటే లైనులో సమస్య ఉందని అది చెబుతోంది. ఫిర్యాదు చేయవలసింది కరెంటు ఆఫీసుకు. చెప్పకుండా ఫలకాలు పెంచడం కూడా తగదు. కరెంటు పోయినప్పుడు కూడా సౌర విద్యుత్తు కావాలనుకునేవారు బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టుకోవచ్చు. అది ముందు ఇంటిని లైను నుంచి విడదీసి, ఆ తర్వాతే ఇంటికి కరెంటు ఇస్తుంది.

సారాంశం

గ్రిడ్ అందరి ఉమ్మడి ఆస్తి. ఇప్పటిదాకా మనం దాని నుంచి తీసుకునేవాళ్ళమే, ఇప్పుడు ఇచ్చేవాళ్ళం కూడా అవుతున్నాం. ఇచ్చే చేతికి జాగ్రత్త ఎక్కువ కావాలి. లైన్‌మన్ భద్రత, పొరుగువారి వోల్టేజి, దేశపు పౌనఃపున్యం - అనుమతిలోని నిబంధనలు చాలావరకు ఈ మూడింటి కోసమే. కారణం తెలిసినవారు పనికొచ్చే నిబంధనను గౌరవిస్తారు, కారణం లేని జాప్యాన్ని ప్రశ్నిస్తారు.

ఆలోచించండి

1. పై లెక్కలో తీగల నిరోధాన్ని 0.2 ఓమ్‌లకు తగ్గిస్తే, 253 వోల్టులు దాటకుండా ఎన్ని ఇళ్ళు తలా 10 ఆంపియర్లు పంపగలవు?

2. మీ ఇంటి కరెంటు బిల్లులో మంజూరైన లోడు ఎంత ఉందో చూడండి. మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసి ఉన్న సామర్థ్యాన్ని దూరం నుంచే చదివి రాసుకోండి. దగ్గరకు మాత్రం వెళ్ళకండి.

3. సౌర ఫలకాలున్న ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుందో అడిగి తెలుసుకుని, కారణాన్ని వారికి మీ మాటల్లో వివరించండి.